ఆకులు నావి, సంతకం ఆమెది

ఎల్‌బీ నగర్ మెట్రో స్టేషన్ మెట్లు దిగగానే ఎడమవైపు బత్తాయి రసం బండి ఒకటి ఉంటుంది. పొద్దున పదిన్నర అయ్యేసరికే బండి పక్కన పిండేసిన తొక్కలు మోకాలెత్తు కుప్ప పడతాయి. వాటికి ఎండ తగిలితే ఒక వాసన లేస్తుంది. మొదట తియ్యగా ఉండి, లోపలికి పీల్చాక గొంతులో చేదుగా నిలుస్తుంది. పాతికేళ్లుగా బత్తాయిల మధ్యే బతుకుతున్న నాకు మామూలుగా ఆ వాసన తెలియను కూడా తెలియదు. మొన్న మంగళవారం మాత్రం ఆ బండి దగ్గర కాళ్లు ఆగిపోయాయి. చేతిలో మా బత్తాయి రైతుల సంఘం వాళ్లు అచ్చు వేయించి పంచిన ప్రత్యేక సంచిక ఉంది. మెట్రోలో చదువుకుంటూ వచ్చాను. నల్లగొండ బత్తాయి సరుకు ఓడ ఎక్కి నేరుగా మాల్దీవులకు వెళ్లడం మొదలైన కథ అందులో పన్నెండు పేజీలు వేశారు. రంగుల ఫొటోలు, శాలువాలు, జెండాలు. ఆ పన్నెండు పేజీల్లో శేషారత్నం గారి పేరు ఎక్కడా లేదు. ఆమె గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది, అదీ పేరు లేకుండా: "పత్రాలు చూసే ఏజెంటు సరుకును పరిశీలించకుండానే సంతకం చేసినందువల్ల మన మొదటి కంటైనర్ తిరస్కరణకు గురైంది."

ఆ వాక్యంలో అబద్ధం ఒక్క ముక్క లేదు. నా ఒళ్లు మండింది అందుకే. నిజమే, ఆమె చూడకుండా సంతకం పెట్టారు. ఎందుకు చూడలేదో, ఎవరి మాట నమ్మి పెట్టారో తెలిసినవాళ్లం ఈ భూమ్మీద ఇద్దరమే మిగిలాం. ఒకరు మా సంఘం అధ్యక్షుడు, ఆయన చెప్పడు. రెండోవాణ్ని నేను. ఇన్నేళ్లూ నేనూ చెప్పలేదు. ఆయన చెప్పకపోవడం మీద నాకు కోపం వచ్చే హక్కు ఉందో లేదో తెలియదు గానీ, కోపం మాత్రం వచ్చింది. దానిలో సగం ఆయన మీద, సగం నా మీద.

శేషారత్నం గారిది కాకినాడ. అక్కడ రేవు దగ్గర, ఓడల సరుకుకు కాగితాలు తయారుచేసే ఆఫీసులో ఇరవై ఏళ్లు పనిచేశారు. పెళ్లి చేసుకోలేదు. చెల్లెలికి హైదరాబాద్‌లో టీచర్ ఉద్యోగం వస్తే ఆమెకు తోడుగా వచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తులో రెండు గదులు కిరాయికి తీసుకుని సొంతంగా అదే పని మొదలుపెట్టారు. ఆ మెట్ల నిండా పోటీ పరీక్షలకు చదివేవాళ్ల చెప్పులు ఉండేవి. వాటిని తొక్కకుండా పైదాకా ఎక్కడమే ఒక విద్య. సముద్రం లేని ఊళ్లో ఓడల పనేమిటని వచ్చినవాళ్లంతా ఆమెను అడిగేవాళ్లు. "సముద్రం సరుకు పండించదు కదండీ, మోస్తుందంతే. పండించేవాళ్లు ఇక్కడే ఉన్నారు" అనేవారు. బక్కపల్చటి మనిషి. జేబులున్న కాటన్ జాకెట్టు ఒకటి చీర మీద వేసుకునేవారు. ఒక జేబులో కత్తెర, ఇంకో జేబులో కళ్లద్దాలు.

నేను కొత్తపేట పండ్ల మార్కెట్‌లో పెట్టెలు కట్టే మేస్త్రీని. మా నాన్న నల్లగొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి అక్కడే హమాలీ పని చేశాడు. మార్కెట్ వ్యాపారి ఒకాయన గల్ఫ్‌కు మామిడికాయలు పంపుతూ, కాగితాల కోసం నన్ను నమూనా పెట్టెలతో ఆమె ఆఫీసుకు పంపాడు. అప్పుడు నాకు ముప్పై రెండేళ్లు. ఆమె ఒక పెట్టె ముందుకు లాక్కుని కళ్లద్దాలు పెట్టుకున్నారు.

"ఇందులో ఎన్ని కాయలున్నాయయ్యా?"

"పన్నెండు మేడమ్."

"ఎలా తెలుసు?"

"మీద రాసుంది గద."

"రాసిందెవరు?"

"నేనే. రోజూ కట్టేటోన్ని, చెయ్యికే తెలుస్తది మేడమ్."

ఆమె కత్తెరతో టేపు కోసి కాయలు బల్ల మీద పేర్చారు. పదకొండు ఉన్నాయి. "నీ చేతికి ఒక కాయ ఎక్కువ తెలుసు" అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. తెచ్చిన పెట్టెలన్నీ ఇద్దరం విప్పి, లెక్కపెట్టి, మళ్లీ కట్టేసరికి మధ్యాహ్నమైంది. వెళ్లేటప్పుడు పేరు అడిగి చెప్పారు: "చూడనిది రాయకు మల్లేశం. నువ్వు రాసిన కాగితాన్ని అవతలి ఒడ్డున ఎవడో నమ్ముతాడు. వాడు నిన్ను జన్మలో చూడడు. కాగితం ఒక్కటే చూస్తాడు." ఆ ఏడాది చివరికి మార్కెట్ పని మానేసి ఆమె దగ్గర చేరాను. పదేళ్లు చేశాను.

ఆ పదేళ్లలో ఆమె నన్ను ఎంత మార్చారో రాయాలంటే చిన్న చిన్న సంగతులే గుర్తొస్తాయి. పెట్టె బరువు రాసే ముందు కాటా ఖాళీగా ఉన్నప్పుడు ముల్లు ఎక్కడుందో చూడటం. ఎవరైనా "అంతా మంచిగనే ఉంది" అంటే, "అంతా" అన్న మాటను నమ్మకుండా లేచి వెళ్లి చూడటం. ఇంట్లో కూడా నా భార్య పాలు కాగాయంటే మూత తీసి చూసేవాణ్ని, తిట్లు తినేవాణ్ని. మార్కెట్‌లో ఆమెను ఇష్టపడేవాళ్లు తక్కువ. ఆడమనిషి, పైగా ఆంధ్రామె, మనకు పెట్టెలు కట్టడం నేర్పుతదా అనేవాళ్లు. ఒకసారి ఒక వ్యాపారి దానిమ్మ సరుకు ఇంకా తోటలోనే ఉండగా, ప్యాక్ అయిందని రాసిమ్మన్నాడు. ఆమె కుర్చీలోంచి లేచి తలుపు తీసి పట్టుకున్నారు. అతను బయటికి వెళ్లేదాకా అలాగే నిలబడ్డారు.

మాల్దీవులకు అప్పటిదాకా మన పండ్లు వెళ్లాలంటే పెద్ద ఓడ ఎక్కి, మధ్యలో వేరే రేవులో దిగి, ఇంకో ఓడ కోసం రోజుల తరబడి కాచుకోవాలి. చేరేసరికి బత్తాయి తోలు ముడతలు పడి గట్టిబడేది. రెండు దేశాలూ మాట్లాడుకుని, దక్షిణాన ఉన్న మన రేవు నుంచి నేరుగా ఆ దీవులకు సరుకు ఓడ నడుపుతాయన్న వార్త పేపర్లో చూసిన రోజు ఆమె భోజనం డబ్బా కూడా విప్పలేదు. బల్ల మీద పటం పరిచి నన్ను పిలిచారు.

"ఇటు చూడు. ఇది మన దేశం చివర. ఇవి వాళ్ల దీవులు. మధ్యలో ఏముంది?"

"నీళ్లు."

"అంతే కదా. మధ్యలో ఇంకెవరూ లేరు. మీ పక్క ఊరి నర్సయ్యగారి తోటలో కోసిన కాయ వాళ్ల బజార్లో తాజాగా దిగుతుంది."

"గా దీవుల్ల బత్తాయిలు పండవా మేడమ్?"

"ఇసకలో ఏం పండుతుందయ్యా, కొబ్బరి తప్ప. కోడిగుడ్డు దగ్గర్నుంచి అన్నీ బయటినుంచి రావాల్సిందే."

"కోళ్లను గూడ పెంచుకోరా?"

"నేను ఓడ సంగతి చెబుతుంటే నువ్వు కోళ్ల దగ్గర ఆగావేంటి" అని నవ్వారు. ఆమె పళ్లు కనిపించేలా నవ్వడం నేను చూసిన కొద్ది సందర్భాల్లో అదొకటి.

తర్వాత నాలుగు నెలలు ఆమె చేసిన పని నేను కళ్లారా చూశాను. ఓడ నడిపేవాళ్లకు ఉత్తరాలు, అవతలి దేశంలో కొనేవాళ్లతో ఫోన్లు, మొక్కల తెగుళ్లు పరీక్షించే ఆఫీసు చుట్టూ తిరగడం. వాళ్ల దేశపు నిబంధనలు మొత్తం తెప్పించి, రాత్రి ఇంట్లో కూర్చుని తెలుగులో రాసి, నకళ్లు తీయించి రైతులకు పంచారు. ఇప్పుడు సంచికలో "అధ్యక్షుల వారి పలుకుబడితో సాధ్యమైన ఘనకార్యం" అని రాశారు. ఆ నాలుగు నెలల్లో ఆయన మా ఆఫీసు మెట్లు ఒక్కసారి ఎక్కలేదు. ఆ చెప్పులు ఆయన ఎప్పుడూ దాటలేదు.

తుర్కయంజాల్ దగ్గర సాగర్ రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు తీసుకుని అక్కడ ప్యాకింగ్ పెట్టుకున్నాం. మొదటి కంటైనర్‌లో ఎక్కువ భాగం నర్సయ్యది. మా ఊరికి పక్క ఊరి రైతు, నాకంటే పదేళ్లు పెద్ద. బోరు ఎండి రెండుసార్లు తోట పోగొట్టుకుని, మూడోసారి పెంచిన చెట్ల కాపు అది. ఊరి వ్యాపారికి ఇవ్వకుండా మొత్తం ఓడకే ఇస్తానని మాటిచ్చాడు.

మా మార్కెట్‌లో ఒక ఆనవాయితీ ఉంది. కొన్ని బత్తాయిలను రెండేసి ఆకులతో సహా కత్తిరించి పెట్టెలో పై వరుసలో పేరుస్తారు. ఆకు పచ్చగా ఉంటే కాయ నిన్న కోసిందని లెక్క. ఆకు లేని పెట్టెను కొనేవాడు అనుమానంగా చూస్తాడు. అడుగున వరిగడ్డి, పైన ఆకు. మా నాన్న కాలం నుంచి అదే కట్టుడు. షెడ్డులో రైతులందరినీ కూర్చోబెట్టి ఆమె అవేవీ పనికిరావని చెప్పారు.

"గడ్డి వద్దు, ఆకు వద్దు. తొడిమ కూడా కాయకి ఒరుసుకునేలా కత్తిరించాలి."

"ఆకు లేకుంటే కాయ బోడగుండు లెక్కుంటది మేడమ్, ఎవరు గొంటరు?" అన్నాడు నర్సయ్య. అందరూ నవ్వారు.

"వాళ్లకి బోడిగుండే కావాలి నర్సయ్యగారూ. మన ఆకు మీద మన పురుగు ఉంటుంది. అది వాళ్ల దీవిలో దిగిందంటే వాళ్లకున్న నాలుగు నిమ్మచెట్లూ పోతాయి."

"గింత పురుగుకు గంత భయమా?"

"పక్క తోటకి తెగులొస్తే, ఆ తోటలోంచి మొక్క తెచ్చి మీ తోటలో నాటనిస్తారా?"

"నాటనియ్య" అన్నాడు నర్సయ్య.

"వాళ్లూ అంతే."

మూడు రోజులు ఆమె షెడ్డులో స్టూలు మీద కూర్చుని, మూత వేసే ముందు ప్రతి పెట్టెనూ చూశారు. పరీక్షించే అధికారులు వచ్చి చూసి వెళ్లారు. నాలుగో రోజు పొద్దున జెండా ఊపే సభ. ఆ సభ అయ్యాక కంటైనర్ తలుపులకు సీలు వేసి పంపాలి. సీలు వేసేటప్పుడు, లోపల ఉన్నది కాగితంలో రాసినట్టే ఉందని ఆఖరి సంతకం ఆమె పెట్టాలి. అధికారుల ధ్రువపత్రం చేతికి రావడం ఆలస్యమైంది. దానికోసం ఆమె పొద్దున్నే నగరంలోకి వెళ్తూ, "నేనొచ్చేదాకా పెట్టెలు నీవి" అని నాకు చెప్పి వెళ్లారు.

అధ్యక్షుడు తెల్ల బట్టల్లో, తన మనుషులు పాతిక మందితో, టీవీవాళ్లను వెంటబెట్టుకుని వచ్చాడు. తలుపులు తెరిచి ఉన్న కంటైనర్‌లోకి తొంగిచూసి మొహం చిట్లించాడు.

"ఇవేం కాయలయ్యా మల్లేశం. ప్లాస్టిక్ బొమ్మలు లెక్కున్నయ్. టీవీలోళ్లు నవ్వుతరు. ముందల వరుసలల్ల నాలుగు ఆకులు పెట్టియ్."

"మేడమ్ వద్దన్నది సార్."

"మేడమ్ మేడమ్ అంటవేంది. బత్తాయి ఆమెదా, మనదా? కాకినాడల బత్తాయి గాస్తదా? ఫొటో అయినంక తీసెయ్."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. ఇక్కడ నిజం చెప్పాలి. నన్నెవరూ బలవంతం చేయలేదు. ఆయన మాటకు భయపడి చేశానని చెప్పుకుంటే నాకు సులువుగా ఉంటుంది. కానీ ఆకు ఉన్న కాయే అందమని నా కళ్లకు కూడా చిన్నప్పటి నుంచి అలవాటు. మా ఊరి కాయ మొదటిసారి టీవీలో కనిపించబోతోంది, అది బోడిగా కనిపించడం నాకూ ఇష్టం లేదు. పక్కనే నగరం మార్కెట్‌కు వెళ్లాల్సిన గంపల్లో ఆకు కాయలు ఉన్నాయి. తలుపు దగ్గరి రెండు వరుసల పెట్టెల మూతలు తీసి, ఒక్కో పెట్టెలో మూడు నాలుగు నా చేతులతోనే పేర్చాను. పచ్చగా కళకళలాడాయి. ఫొటోలు తీశారు. అధ్యక్షుడు రెండు దేశాల స్నేహం గురించి ముప్పావు గంట మాట్లాడాడు. రోడ్డు మీద బస్సులు ఆగిపోయి, పోలీసులు లారీని కదిలించమని అరవడం మొదలుపెట్టారు. నేను గబగబా ముందు వరుసలోని ఆకు కాయలు ఏరేశాను. వెనక వరుసలోవి అలాగే ఉన్నాయి. ఫొటో కోసం పెట్టినవన్నీ తీసేశాననే చూసినవాళ్లు అనుకున్నారు. వాటిని తీయాలంటే ముందు పెట్టెలన్నీ దింపాలి. కొన్ని ఆకులకు ఏమవుతుందిలే అనుకున్నాను. పదేళ్లు ఆమె దగ్గర పనిచేసి, ఆ మాట అనుకున్నాను. తలుపులు మూయించాను.

అప్పుడే ఆమె ఆటో దిగారు. ఎండలో పరుగులాంటి నడకతో వచ్చారు.

"సీలు వేసేశారా?"

"ఇప్పుడే ఏస్తుర్రు మేడమ్."

"అన్నీ నేను చూసినట్టే ఉన్నాయా? ఎవరైనా ముట్టుకున్నారా?"

ఆమె చెయ్యి తలుపు గడియ మీద ఉంది. ఇంకొక్క క్షణం ఆగితే తెరిపించేవారే. అధ్యక్షుడు వెనక నుంచి "మేడమ్, జర జల్ది, రోడ్డంతా జామైంది" అన్నాడు. ఆమె ఆయన వైపు తిరగలేదు. నా మొహమే చూస్తున్నారు.

"ఉన్నయ్ మేడమ్. నేనున్న గద" అన్నాను.

గడియ మీద నుంచి చెయ్యి తీశారు. రాయడానికి బల్ల లేకపోతే నన్ను వెనక్కి తిరగమని, నా వీపు మీద కాగితం ఆనించి సంతకం చేశారు. నాకు తెలిసి చూడకుండా ఆమె పెట్టిన సంతకం అదొక్కటే.

ఓడ అనుకున్న రోజుకే చేరింది. ఆ మర్నాడు మా ఆఫీసులో ఆమె ఫోన్‌కు అవతలి అధికారులు తీసిన ఫొటోలు వచ్చాయి. తెరిచిన పెట్టె, పైన బత్తాయి, దానికి రెండు ఆకులు. ఒక ఆకు మీద పురుగు లోపల తొలుచుకుంటూ పోయిన వంకర తెల్లగీత. కాగితంలో ఆకులు లేవని ఉంది, పెట్టెలో ఉన్నాయి. రాసింది ఒక చోట అబద్ధమైతే మిగతాది ఎలా నమ్ముతామన్నారు. సరుకు మొత్తం అక్కడే తగలబెట్టించారు. ఆమె ఆ ఫొటోను వేళ్లతో పెద్దది చేసి చాలాసేపు చూసి, ఫోన్ బోర్లా పెట్టారు. నేను పక్క బల్ల దగ్గర ఏదో రాస్తున్నట్టు తల వంచుకునే ఉన్నాను.

వారం తిరక్కుండానే ఎల్‌బీ నగర్‌లోని ఒక ఫంక్షన్ హాల్లో సంఘం సమావేశం పెట్టారు. పొద్దున అక్కడ పెళ్లి జరిగినట్టుంది, వేదిక మీద ఎర్ర మఖమల్ కుర్చీలు, వాడిన పూలదండలు అలాగే ఉన్నాయి. ఆమెను ఆ కుర్చీల పక్కన నిలబెట్టారు. కూర్చోమని ఎవరూ అనలేదు. నేను మూడో వరుసలో ఉన్నాను. అధ్యక్షుడు మైకు తీసుకున్నాడు.

"మేడమ్, ఒక్కటే అడుగుత. ఆఖరి సంతకం పెట్టేటప్పుడు పెట్టెలు చూసిన్రా, లేదా?"

"చూడలేదండి."

హాలంతా గోల. ఆయన చెయ్యెత్తి ఆపాడు. "చూడకుండ ఎట్ల పెట్టిన్రు?"

"పెట్టకూడదు. పెట్టాను."

"ఎవరి మాట మీద?"

ఆ ప్రశ్న అడగడానికి ఆయనకు నోరెలా వచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆకులు పెట్టమన్న మనిషి, ఆకులు ఎలా వచ్చాయని మైకులో అడుగుతున్నాడు. నేను లేచి నిలబడి చెబితే తనూ దొరికిపోతాడని తెలుసు. నేను లేవనని కూడా తెలుసు. ఆమె నా వైపు చూడలేదు గానీ ఆగారు. ఎవరైనా ఏదైనా చెప్పాలనుకుంటే చెప్పడానికి సరిపోయేంతసేపు ఆగారు. నేను ఫోన్ తీసి, ఏదో మెసేజ్ వచ్చినట్టు చూసుకున్నాను. ఏ మెసేజూ రాలేదు.

"సంతకం నాదండి. ఎవరి మాట మీద పెట్టినా నాదే" అన్నారామె.

అప్పుడు నర్సయ్య లేచాడు. "ఆకొద్దు ఆకొద్దు అని మమ్మల్ని సతాయించి, నువ్వు మాత్రం చూడకుండ పెడ్తవా? దొంగదానివి నువ్వు. నా తోట కాలవెట్టినవ్" అన్నాడు. అధ్యక్షుడు వేదిక దిగివచ్చి అతని భుజం నిమిరాడు. ఆ నిమరడం కూడా ఫొటో తీశారు. అదీ ఈ సంచికలో ఉంది, రైతుకు అండగా నిలిచిన నాయకుడని.

ఆ నెలలోనే ఆమె ఆఫీసు మూసేశారు. పిలిచేవాళ్లు లేరు, కాగితం రాయించుకునేవాళ్లు లేరు. ఫైళ్లు కట్టలు కట్టడానికి నేను వెళ్లాను. ఇద్దరం నేల మీద కూర్చుని దారాలు బిగిస్తున్నాం. ఆమె తలెత్తకుండానే అడిగారు.

"ఒక్కటి చెప్పు మల్లేశం. ఆ రోజు నేనడిగితే ఉన్నాయన్నావు. లోపలికి చూసి అన్నావా, చూడకుండా అన్నావా?"

ఆమె నాకు దారి తీసిపెట్టారు. గదిలో ఇంకెవరూ లేరు. చూశాను మేడమ్, నేనే పెట్టాను అని ఒక్క మాట అంటే సరిపోయేది. తిట్టి ఉండేవారు కాదు. కానీ రెండు తప్పుల్లో చిన్నది ఏరుకున్నాను.

"చూడకుండనే అన్న మేడమ్. జల్దిల."

"అలాగా" అన్నారు. చేతిలోని కట్టకు ముడి వేసి, పక్కన పెట్టారు. "పదేళ్లు నీకు చెప్పింది ఆ ఒక్క ముక్కే. అదే సరిగ్గా చెప్పలేకపోయానన్నమాట." కోపంగా అనలేదు. చేసిన పనిలో లోపం ఎక్కడుందో దొరికినట్టు, తనలో తను అనుకుంటున్నట్టు అన్నారు.

తర్వాత ఆమె చెల్లెలితో పాటు కర్మన్‌ఘాట్‌లో చిన్న ఇంటికి మారిపోయారు. ఓడ ఆగలేదు, నడుస్తూనే ఉంది. రెండో కంటైనర్ నుంచి సంఘం ఆమె రాసిచ్చిన పద్ధతులే అక్షరం పొల్లుపోకుండా పాటించింది. ఇవాళ పెట్టెల మీద "ఆకు, తొడిమ లేని నాణ్యమైన బత్తాయి" అని గొప్పగా అచ్చు వేసుకుంటారు, అదేదో సంఘం కనిపెట్టినట్టు. ప్యాకింగ్ చూసుకోవడానికి ఆమె దగ్గర పని నేర్చినవాడు కావాలి కాబట్టి నన్నే పెట్టుకున్నారు. నేను చేరాను. సంచికలో తొమ్మిదో పేజీలో శాలువా కప్పుకుని నిలబడ్డవాణ్ని నేనే. కర్మన్‌ఘాట్ మీదుగా ఎన్నోసార్లు వెళ్లాను. ఆమె ఉన్న వీధి మలుపు దగ్గర బండి నెమ్మదించేది, మళ్లీ వేగం అందుకునేది. రెండేళ్ల కిందట వానాకాలంలో ఆమె పోయారు. వెళ్లాను. నలుగురిలో నిలబడి వచ్చేశాను.

మొన్న ఆ సంచిక పట్టుకుని తిన్నగా సంఘం ఆఫీసుకు వెళ్లాను. కార్యదర్శి నాకంటే చిన్నవాడు, మర్యాదస్థుడు. జరిగింది మొత్తం చెప్పి, ఆ వాక్యం తప్పని, దిద్ది మళ్లీ పంచాలని అడిగాను.

"అచ్చయిపోయింది గదన్నా. గిప్పుడెందుకు పాత ముచ్చట. ఆమె కూడ లేదాయె."

"నేనున్న గద."

"నువ్వున్నవ్ కాబట్టే చెప్తున్న. బయటికి వస్తే పోయేది నీ పనే."

అధ్యక్షుడికి ఫోన్ చేసి ఇచ్చాడు. ఆయన చాలా ప్రశాంతంగా మాట్లాడాడు. "తప్పేం రాసినం మల్లేశం? చూడకుండ పెట్టింది నిజమే గద. నిజమే రాసినం" అన్నాడు. ఫోన్ కార్యదర్శి చేతిలో పెట్టి బయటికి వచ్చేశాను. ఆయన మీద కోపంతో వచ్చేశానని చెప్పగలను. అది కూడా పూర్తి నిజం కాదు. ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్న మాట అదే. అక్షరం తేడా లేకుండా అదే.

మర్నాడు షెడ్డుకు నర్సయ్య కాయలు తెచ్చాడు. అతను కోలుకోవడానికి నాలుగేళ్లు పట్టింది. ఇప్పుడు మళ్లీ ఓడకే ఇస్తున్నాడు. తొడిమలు సరిచూస్తూ కత్తెరతో కూర్చున్నాడు. ఎదురుగా కూర్చుని చెప్పాను. ఎవరు పెట్టమన్నారో, ఎవరు పెట్టారో, ఆమె అడిగితే ఏం చెప్పానో, హాల్లో మూడో వరుసలో ఏం చేశానో. అతని కత్తెర ఆడుతూనే ఉంది. నేను ఆగాక అదీ ఆగింది.

"ఆమెకు చెప్పినవా?"

"లే."

"ఆమె పోయిననాడు పోయినవా ఆడికి?"

"పోయిన."

"ఏమన్నవ్ ఆడ?"

"ఏమనలే."

అతను రోడ్డు వైపు తిరిగాడు. తర్వాత నెమ్మదిగా, నాతో కాదన్నట్టు మాట్లాడాడు. "నేను ఆమెను దొంగది అన్న. గంత మంది ముందల. మా ఇంట్ల ఎవరినీ ఎన్నడు అట్ల అనలే. అన్ననాడు రాత్రి గూడ మంచిగ నిద్రవట్టింది నాకు, కరెక్ట్ మనిషినే అన్న అనుకున్న." కత్తెర మూసి జేబులో పెట్టుకున్నాడు. "గా మాట నాది గాదు మల్లేశం. నీది. నా నోట్లకెల్లి వచ్చింది."

పది మందిలో చెబుతానన్నాను. పని పోయినా సరే, అందరికీ రాసి చెబుతానన్నాను. "చెప్పు. నీకు తేలికయితది" అన్నాడు. నింపిన క్రేటు లేపబోతుంటే రెండో వైపు పట్టుకోవడానికి వంగాను. "వద్దు" అని, ఆ వయసులో ఒక్కడే ఎత్తుకుని వెళ్లాడు.

తేలిక కావడానికి రాయడం లేదు. అతను అన్న మాట నాదేనని ఒప్పుకోవడానికి రాస్తున్నాను. శేషారత్నం గారు దొంగ కాదు. సంఘం వాళ్లు రాసినట్టు అజాగ్రత్త మనిషీ కాదు. జీవితంలో ఒక్కసారి కాగితాన్ని కాకుండా మనిషిని నమ్మారు, ఆ మనిషిని నేను. అయితే వాళ్లెవరి మాటల కంటే నన్ను ఎక్కువగా తినేసేది, ఆ ఖాళీ ఆఫీసులో నేల మీద కూర్చుని ఆమె తనను తాను అనుకున్న మాట. నాకు సరిగ్గా నేర్పలేకపోయానన్న నమ్మకంతోనే ఆమె వెళ్లిపోయారు. ఆ నమ్మకం కలిగించింది నేను. సరిగ్గానే నేర్పారు మేడమ్. ఆ రోజు తలుపు మూసే ముందు నేను లోపలికి చూశాను. వెనక వరుసలో ఏ పెట్టెలో ఎన్ని ఆకులున్నాయో లెక్కతో సహా చూశాను. చూసే చెప్పాను.